తెర మీద లింక్ హద్దులు కనుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో వెబ్ టెస్టింగ్ చేసేవాళ్లు, తెలుగు సైట్లు కట్టేవాళ్లు, స్క్రీన్‌షాట్లలో లింకుల చుట్టూ పెట్టెలు గీసి డేటాసెట్ తయారుచేసే ఇంజినీరింగ్ విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఉదాహరణల కోసం ఒక ఊహా పేజీని అనుకుందాం. అది నగర పర్యాటక సమాచారం. అందులో కైలాసగిరి రోప్‌వే, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల, సింహాచలం దర్శన వేళలు, భీమిలి బస్సులు అన్నీ లింకులుగా ఉంటాయి. కోడ్‌లోని పేర్లను పలికినట్టే తెలుగులో రాశాం.

లింక్ హద్దు అంటే అసలు దేన్ని అనాలి?

ఒకే లింక్‌కు మూడు హద్దులుంటాయి. ఒకటి, బ్రౌజర్ పేజీని అమర్చేటప్పుడు లెక్కగట్టిన పెట్టె. రెండు, కంటికి కనిపించే సిరా, అంటే అక్షరాలు, వత్తులు, బొమ్మ. మూడు, వేలు పెడితే లేదా మౌస్ నొక్కితే లింక్ నిజంగా పనిచేసే చోటు. సాదా పేరాలోని చిన్న లింక్‌లో మూడూ దాదాపు ఒకచోటే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. ఈ పనిలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం, ఈ మూడూ విడిపోయినచోట ఒకదాన్ని కొలిచి ఇంకోదాన్ని కొలిచామనుకోవడం వల్లే వస్తాయి.

ఆటోమేషన్‌లో క్లిక్ చేయించాలంటే మూడోది కావాలి. బొమ్మల్లో లింకులను గుర్తించే మోడల్‌కు శిక్షణ ఇవ్వాలంటే రెండోది కావాలి. అమరిక సరిగా ఉందో లేదో చూడటానికి మొదటిది చాలు. కోడ్ మొదలుపెట్టేముందే మీకు కావాల్సింది ఏదన్నది ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి.

పేజీలో ఉన్న లింకులన్నీ ఎలా ఏరాలి?

"డాక్యుమెంట్ డాట్ లింక్స్" అడిగితే హెచ్‌రెఫ్ (లింక్ వెళ్లే చిరునామా) ఉన్న "ఎ" ట్యాగులు, "ఏరియా" ట్యాగులు వస్తాయి. హెచ్‌రెఫ్ లేని "ఎ" ట్యాగ్ లింక్ కిందకి రాదు, కాబట్టి అది జాబితాలో లేకపోవడం సరైనదే.

ఈ జాబితాలోకి రానివి నాలుగు రకాలు. ఎస్‌వీజీ బొమ్మ లోపలి "ఎ" ట్యాగులు ఇందులో ఉండవు. "క్వెరీ సెలెక్టర్ ఆల్"తో వెతికితే అవి దొరుకుతాయి, కానీ వాటి హెచ్‌రెఫ్ మామూలు పాఠంగా కాకుండా ఒక వస్తువుగా వస్తుంది, దాని లోపలి "బేస్‌వాల్" తీసుకోవాలి. షాడో డామ్ (పేజీలో మిగతా భాగం నుంచి వేరుచేసి ఉంచిన భాగం) లోపలివి ఏ పద్ధతిలోనూ పైనుంచి దొరకవు. ఒక్కో షాడో రూట్‌లోకి దిగి విడిగా వెతకాలి. ఐఫ్రేమ్‌లో, అంటే పేజీలో పొదిగిన మరో పేజీలో ఉన్నవి వేరే డాక్యుమెంట్‌కు చెందుతాయి. ఇక "రోల్"కు "లింక్" అని పెట్టిన స్పాన్లు, జావాస్క్రిప్ట్‌తో పేజీ మార్చే డివ్‌లు ఉంటాయి. రోల్ ఉన్నవాటిని సెలెక్టర్‌తో పట్టుకోవచ్చు. క్లిక్ హ్యాండ్లర్ మాత్రమే ఉన్నవి లింకులా కాదా అన్నది మీరే నిర్ణయించుకోవాలి, ఆ నిర్ణయాన్ని రాసి ఉంచాలి.

గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్, గెట్‌క్లయింట్‌రెక్ట్స్: ఏది వాడాలి?

మొదటిది ఒకే పెట్టె ఇస్తుంది. రెండోది పెట్టెల జాబితా ఇస్తుంది, వరసకు ఒకటి చొప్పున. మొదటిదాన్ని "మొత్తం పెట్టె" అనీ, రెండోదానిలో వచ్చేవాటిని "వరస పెట్టెలు" అనీ ఇకపై పిలుద్దాం. వరస పెట్టెలన్నింటినీ కమ్మేసే అతిచిన్న దీర్ఘచతురస్రమే మొత్తం పెట్టె.

తెలుగు పదాలు పొడవు, ఫోన్ తెరలు ఇరుకు. అందుకే మన పేజీల్లో లింక్ రెండు వరసలకు విరగడం రోజూ చూసేదే. అంకెలతో చూద్దాం. పేరా ఎడమ అంచు 16, కుడి అంచు 344. "కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల" అనే లింక్ మొదటి వరసలో 250 దగ్గర మొదలై 344 దాకా వెళ్లింది, రెండో వరసలో 16 నుంచి 130 దాకా ఉంది. మొదటి ముక్క నిలువుగా 400 నుంచి 422, రెండోది 432 నుంచి 454.

మొత్తం పెట్టె అడిగితే 16 నుంచి 344, 400 నుంచి 454 అని వస్తుంది. అంటే 328 వెడల్పు, 54 ఎత్తు, 17,712 చదరపు పిక్సెళ్లు. నిజంగా లింక్ ఉన్నది 94×22, 114×22 ముక్కల్లోనే, అంటే 4,576. మొత్తం పెట్టెలో నాలుగో వంతు కంటే కాస్తే ఎక్కువ. మిగతాదంతా లింక్ కాని పాఠం, లేదా ఖాళీ. ఇంకా చిక్కేమిటంటే ఆ పెట్టె నడిమి బిందువు 180, 427. అది రెండు వరసల మధ్య సందులో పడుతుంది. అక్కడ నొక్కితే ఏమీ జరగదు.

కాబట్టి పాఠపు లింకులకు ఎప్పుడూ వరస పెట్టెలే అడగండి. ఒకే పెట్టె తప్పనిసరి అనే డేటాసెట్ ఫార్మాట్ అయితే, ఒక్కో ముక్కకు ఒక్కో పెట్టె రాసి అన్నింటికీ ఒకే లింక్ నంబరు ఇవ్వండి.

అలాంటప్పుడు ఆటోమేషన్ పనిముట్లు ఎక్కడ నొక్కుతాయి?

బ్రౌజర్‌ను ప్రోగ్రామ్‌తో నడిపే వెబ్‌డ్రైవర్ ప్రమాణం ప్రకారం సెలీనియం అనే పనిముట్టు మొదటి వరస పెట్టెను తీసుకుని, దానిలో తెర మీద కనిపించే భాగం మధ్యలో నొక్కుతుంది. పైన చెప్పిన లింక్ అయితే 297, 411 దగ్గర. అది సరైన చోటే. కానీ ఇన్‌లైన్ (పాఠంతో పాటు వరసలో సాగే) లింక్ లోపల డివ్ లాంటి బ్లాక్ (వరస మొత్తం తీసుకునే పెట్టె) పెడితే మొదటి ముక్క సున్నా వెడల్పుతో రావచ్చు. అప్పుడు కంటికి బ్రహ్మాండంగా కనిపిస్తున్న లింక్‌ను పనిముట్టు "నొక్కడానికి వీల్లేదు" అంటుంది. సీఎస్‌ఎస్‌లో ఆ లింక్‌ను బ్లాక్‌గా లేదా ఇన్‌లైన్ బ్లాక్‌గా మార్చడమే శాశ్వత పరిష్కారం. సైట్ మీ చేతిలో లేకపోతే లోపలి డివ్‌నే వెతికి నొక్కండి.

లింక్‌లో పెద్ద బొమ్మ ఉంది, ఎత్తు మాత్రం ఇరవై పిక్సెళ్లే చూపిస్తోంది. ఎందుకు?

ఇన్‌లైన్ లింక్ పెట్టె ఎత్తు దాని ఫాంట్ నుంచి వస్తుంది, లోపలి బొమ్మ నుంచి కాదు. రుషికొండ బీచ్ ఫోటో 200 పిక్సెళ్ల ఎత్తున్నా, చుట్టూ ఉన్న "ఎ" ట్యాగ్ ఒక అక్షరం ఎత్తు మాత్రమే చెబుతుంది. అది కూడా ఫోటో అడుగున ఎక్కడో ఉంటుంది. లోపలి వస్తువు ఫ్లోట్ అయినా, అబ్సల్యూట్ పొజిషన్‌లో ఉన్నా లింక్ తన వెడల్పు సున్నా అని కూడా చెప్పగలదు.

దీనికి చేయాల్సింది: లింక్ వరస పెట్టెలతో పాటు దాని పిల్లలు, వాళ్ల పిల్లలు అందరి పెట్టెలూ తీసుకోండి. వెడల్పుగానీ ఎత్తుగానీ సున్నా ఉన్నవి పారేయండి. కనిపించనివి, కత్తిరించబడ్డవి తీసేయండి. మిగిలినవాటి కలయికే హద్దు. ఇది చేయకపోవడం వల్ల పాడైన డేటాసెట్లలో తప్పు ఒక తీరుగా కనిపిస్తుంది: బొమ్మల కింద అంచున సన్నటి పట్టీల్లాంటి పెట్టెలు.

కార్డు మొత్తం నొక్కితే పనిచేస్తోంది, పెట్టె మాత్రం శీర్షిక చుట్టూనే వస్తోంది.

లింక్‌కు "ఆఫ్టర్" అనే సూడో ఎలిమెంట్ (పేజీ కోడ్‌లో లేకుండా సీఎస్‌ఎస్ సృష్టించే భాగం) పెట్టి, దాన్ని అబ్సల్యూట్ చేసి నాలుగు వైపులా సున్నా ఇచ్చి కార్డంతా పరిచి ఉంటారు. బూట్‌స్ట్రాప్ అనే సీఎస్‌ఎస్ లైబ్రరీలో దీనికి "స్ట్రెచ్డ్ లింక్" అని ఒక క్లాసే ఉంది. సూడో ఎలిమెంట్ పెట్టె జావాస్క్రిప్ట్‌కు నేరుగా దొరకదు, లింక్ వరస పెట్టెల్లోనూ చేరదు.

రెండు దారులున్నాయి. "గెట్‌కంప్యూటెడ్‌స్టైల్"కు లింక్‌ను, సూడో పేరును ఇచ్చి పొజిషన్ అబ్సల్యూట్ అని వస్తే, దాన్ని ఆధారంగా పట్టి ఉంచిన పూర్వీకుడి పెట్టెను తీసుకోవచ్చు. లేదంటే కార్డు మీద 8 పిక్సెళ్లకొక బిందువు చొప్పున వల వేసి, ఒక్కో బిందువు దగ్గర "ఎలిమెంట్‌ఫ్రమ్‌పాయింట్" అడగండి. లింక్ జవాబుగా వచ్చిన బిందువులే నిజంగా పనిచేసే చోటు. రెండోది నెమ్మది, కానీ నమ్మదగినది. గుండ్రటి మూలలు, క్లిప్‌పాత్ కోతలు, పైన కప్పేసిన వస్తువులు, పాయింటర్ ఈవెంట్స్ ఆపేసిన చోట్లు అన్నీ అందులోనే తేలిపోతాయి. ఏ పద్ధతి వాడాలో తెలియని ప్రతిసారీ ఈ వలే వేయమంటాం.

అన్నీ సున్నాలే వస్తున్నాయి. లింక్ కనిపిస్తోంది కదా?

లింక్‌కు "డిస్‌ప్లే కంటెంట్స్" ఉందేమో చూడండి. అలా ఉంటే లింక్‌కు సొంత పెట్టే ఉండదు, పిల్లలకు మాత్రమే ఉంటుంది. ఒక రేంజ్ (పేజీలో ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా అని చెప్పే వస్తువు) తయారుచేసి "సెలెక్ట్‌నోడ్‌కంటెంట్స్" ఇచ్చి, ఆ రేంజ్‌నే వరస పెట్టెలు అడిగితే వస్తాయి.

"డిస్‌ప్లే నన్" అయితే సున్నాలు రావడం సబబే. "విజిబిలిటీ హిడెన్" అయితే పెట్టె వస్తుంది, నొక్కితే పనిచేయదు. "ఒపాసిటీ" సున్నా అయితే పెట్టె వస్తుంది, కంటికి కనిపించదు, నొక్కితే మాత్రం పనిచేస్తుంది. చివరి రెండింటినీ కలగలిపేయకండి.

తెలుగు వత్తులు పెట్టె బయటికి వస్తున్నాయి. ఇది బ్రౌజర్ తప్పా?

కాదు. పెట్టె సిరాను కొలవదు. ఇన్‌లైన్ పెట్టె ఎత్తు ఫాంట్ ప్రకటించిన పై కొలత, కింది కొలతల మొత్తం. "విశాఖపట్నం"లో ట కింద వేలాడే న వత్తు, "దర్శనం"లో ర కింది శ వత్తు ఆ కింది కొలతను దాటిపోవచ్చు.

చాలా తెలుగు సైట్లలో దీన్ని ఇంకా పెంచే కారణం ఒకటుంది. ఫాంట్ వరసలో మొదట ఏరియల్ లాంటి ఇంగ్లీషు ఫాంట్ రాసి వదిలేస్తారు. అందులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి బ్రౌజర్ వాటిని వేరే ఫాంట్ నుంచి తెచ్చుకుంటుంది. క్రోమ్‌లో పెట్టె ఎత్తు మాత్రం మొదటి ఫాంట్ కొలతల ప్రకారమే ఉంటుంది. అక్షరాలు ఒక ఫాంట్‌వి, పెట్టె ఇంకో ఫాంట్‌ది. ఫాంట్ వరసలో తెలుగు ఫాంట్‌ను (నోటో సాన్స్ తెలుగు, మండలి, ఏదైనా సరే) ముందు రాస్తే తేడా చాలావరకు తగ్గుతుంది.

సిరా హద్దే కావాలంటే స్క్రీన్‌షాట్ నుంచే కొలవాలి. లింక్ ఉన్న స్థితిలో ఒక ఫోటో, ఆ లింక్ అక్షరాల రంగును పారదర్శకం చేసి ఇంకో ఫోటో తీయండి. రెండింటిలో మారిన పిక్సెళ్ల హద్దే సిరా హద్దు. రంగు మారుస్తున్నాం అంతే కాబట్టి అమరిక కదలదు. కింది గీత కూడా ఆ రంగునే అనుసరిస్తుంటే అదీ లెక్కలోకి వస్తుంది. గీత వద్దనుకుంటే రెండు ఫోటోల్లోనూ ముందే తీసేయండి.

సర్వర్ మీద హెడ్‌లెస్ (తెర లేకుండా నడిచే) బ్రౌజర్ నడిపేవాళ్లకు ఒక హెచ్చరిక. దాన్ని నడిపే డాకర్ ఇమేజ్‌లో (ముందే సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ మూటలో) తెలుగు ఫాంట్ లేకపోతే ప్రతి అక్షరం స్థానంలో ఖాళీ గడి వస్తుంది, వెడల్పులన్నీ మారిపోతాయి, లింకులు వేరేచోట విరుగుతాయి. అంకెలు మాత్రం చక్కగా వస్తూనే ఉంటాయి, అందుకే ఎవరూ గమనించరు. డెబియన్, ఉబుంటుల్లో లోహిత్ తెలుగు ఫాంట్ ప్యాకేజీ దొరుకుతుంది. దాన్ని వేసి, మొదటి స్క్రీన్‌షాట్‌ను కళ్లతో చూశాకే మిగతావి నడపండి.

లింక్‌లో ఒక పదం లేదా ఒక అక్షరం హద్దు కావాలంటే?

పాఠపు నోడ్ మీద రేంజ్ పెట్టి వరస పెట్టెలు అడగాలి. పదం వరకు ఇబ్బంది లేదు. అక్షరం దగ్గర జాగ్రత్త కావాలి, ఎందుకంటే రేంజ్ లెక్కించేది మనం అనుకునే అక్షరాలను కాదు, కోడ్ యూనిట్లను. "స్త్రీ" మనకు ఒక అక్షరం, జావాస్క్రిప్ట్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. మూడో యూనిట్ దగ్గర కోస్తే వచ్చే వెడల్పుకు తెర మీద అర్థం లేదు, అక్కడ విడిగా గీసిన ఆకారమేదీ ఉండదు. ముందు "ఇంటిల్ సెగ్మెంటర్"తో అక్షరాల సరిహద్దులు కనుక్కుని, ఆ సరిహద్దుల దగ్గరే రేంజ్ పెట్టండి.

స్క్రీన్‌షాట్ మీద గీసిన పెట్టెలు పక్కకి జరిగిపోతున్నాయి.

రెండు కారణాలు, రెండూ ఒకేసారి ఉండొచ్చు.

మొదటిది పిక్సెల్ నిష్పత్తి. బ్రౌజర్ ఇచ్చే అంకెలు సీఎస్‌ఎస్ పిక్సెళ్లలో ఉంటాయి, ఫోటో పరికరం పిక్సెళ్లలో ఉంటుంది. "డివైస్‌పిక్సెల్‌రేషియో"తో గుణించాలి. విండోస్‌లో 125 శాతం స్కేలింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో 200, 480 దగ్గరున్న లింక్ ఫోటోలో 250, 600 దగ్గర ఉంటుంది. నిష్పత్తి 2.625 ఉన్న ఫోన్‌లో మన లింక్ మొదటి ముక్క 656.25 నుంచి 903 దాకా, నిలువుగా 1050 నుంచి 1107.75 దాకా వస్తుంది. గుండ్రంగా చేసేటప్పుడు ఎడమ, పై అంచులను చిన్న పూర్ణాంకానికి, కుడి, కింది అంచులను పెద్ద పూర్ణాంకానికి తీసుకెళ్లండి: 656, 1050, 903, 1108. నాలుగింటినీ దగ్గరి పూర్ణాంకానికి తెస్తే కొన్నిచోట్ల అంచు పిక్సెళ్లు పోతాయి. ఆఫ్‌సెట్‌విడ్త్ లాంటివి ముందే పూర్ణాంకాలుగా మార్చి ఇస్తాయి కాబట్టి ఈ పనికి వాటిని వాడొద్దు. సెలీనియం లాంటి మరో పనిముట్టు ప్లేరైట్‌లో స్క్రీన్‌షాట్‌కు "స్కేల్" ఐచ్ఛికాన్ని "సీఎస్‌ఎస్" అని పెడితే గుణకారమే అక్కర్లేదు, కాకపోతే ఫోటో స్పష్టత తగ్గుతుంది.

రెండోది స్క్రోల్. పెట్టెల అంకెలు వ్యూపోర్ట్ (పేజీలో ఇప్పుడు కనిపిస్తున్న భాగం) ఎడమ పై మూల నుంచి లెక్క. పేజీ మొత్తం ఫోటో అయితే స్క్రోల్‌ఎక్స్, స్క్రోల్‌వైలను కలపాలి. పేజీని పైకి తెచ్చి సున్నా దగ్గర కొలిస్తే ఈ గొడవ ఉండదు. కొన్ని పనిముట్లు పొడవాటి ఫోటో కోసం వ్యూపోర్ట్ ఎత్తునే పెంచేస్తాయి. అప్పుడు తెర ఎత్తులో ఇంత వంతు అని రాసిన బ్యానర్లు సాగిపోయి కింది లింకులన్నీ దిగుతాయి. అలాంటి పనిముట్టుతో అయితే ముందు మీరే వ్యూపోర్ట్‌ను పేజీ అంత ఎత్తు చేసి, కుదురుకున్నాక కొలిచి, అదే స్థితిలో ఫోటో తీయండి.

ఒకే లింక్‌కు సెలీనియం ఒక అంకె, ప్లేరైట్ ఇంకో అంకె ఇస్తున్నాయి. ఏది నిజం?

రెండూ నిజమే. సెలీనియం "రెక్ట్" పేజీ మొదలు నుంచి కొలుస్తుంది. ప్లేరైట్ "బౌండింగ్‌బాక్స్" ప్రధాన ఫ్రేమ్ వ్యూపోర్ట్ నుంచి కొలుస్తుంది. పేజీ స్క్రోల్ అయినంత మేర తేడా ఉంటుంది. ఒక పనిముట్టు నుంచి ఇంకోదానికి మారే టీములు మొట్టమొదట తడబడేది ఇక్కడే.

బ్రౌజర్ బయట, మానిటర్ మీద లింక్ ఎక్కడుందో కావాలి.

చూపు ఎటుందో పసిగట్టే ఐట్రాకర్‌కో, బయటి నుంచి మౌస్‌ను కదిపే ప్రోగ్రామ్‌కో ఇది కావాలి. విండో స్థానం "స్క్రీన్‌ఎక్స్", "స్క్రీన్‌వై"లో దొరుకుతుంది. పైన ట్యాబులు, చిరునామా పట్టీ ఎత్తును బయటి ఎత్తులోంచి లోపలి ఎత్తు తీసేసి ఊహిస్తారు. డెవలపర్ టూల్స్ కింద తెరిచి ఉంటే ఆ ఊహ తప్పిపోతుంది. దానికంటే మేలైనది: జూమ్ 100 శాతం దగ్గర ఉంచి, మౌస్‌ను పేజీ మీద ఒక్కసారి కదిపి, ఆ ఈవెంట్‌లో స్క్రీన్‌ఎక్స్ లోంచి క్లయింట్‌ఎక్స్ తీసేయండి, నిలువుకూ అలాగే. వచ్చినవే వ్యూపోర్ట్ మూల అంకెలు. ఫైర్‌ఫాక్స్‌లో "మోజ్‌ఇన్నర్‌స్క్రీన్‌ఎక్స్" నేరుగా ఇదే చెబుతుంది.

ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేస్తే డివైస్‌పిక్సెల్‌రేషియో మారదు. అప్పుడు "విజువల్‌వ్యూపోర్ట్"లోని ఆఫ్‌సెట్‌ను పెట్టె అంకెలోంచి తీసేసి, స్కేల్‌తో గుణించాలి.

ఐఫ్రేమ్ లోపలి లింక్?

లోపలి అంకెలకు ఫ్రేమ్ స్థానం, ఫ్రేమ్ అంచు మందం, ప్యాడింగ్ ఉంటే అదీ కలపాలి. ఫ్రేమ్ 40, 300 దగ్గర ఉండి, సీఎస్‌ఎస్‌లో ఏమీ రాయనప్పుడు వచ్చే 2 పిక్సెళ్ల అంచు ఉండి, లోపల లింక్ 10, 25 దగ్గరుంటే బయటికి 52, 327. అంచు మరిచిపోవడం వల్లే "ఎప్పుడూ రెండు పిక్సెళ్లు తేడా" వస్తుంది. మ్యాపులు, చెల్లింపు పెట్టెల్లాగా వేరే సైట్ నుంచి వచ్చిన ఫ్రేమ్‌లోకి పేజీలోని జావాస్క్రిప్ట్ చూడలేదు. ప్లేరైట్ లాంటి పనిముట్లు బ్రౌజర్ బయటి నుంచి మాట్లాడతాయి కాబట్టి చూడగలవు.

పెట్టె ఉంది, కానీ లింక్ వేరేదాని కింద దాగి ఉంది. ఎలా తెలుస్తుంది?

పెట్టె లెక్కకు పైన ఏముందో తెలియదు. పైన అంటుకుని ఉండే మెనూ పట్టీ, కుకీల నోటీసు, తుఫాను రోజుల్లో పేజీ నెత్తిన వచ్చే హెచ్చరిక పట్టీ లింక్‌ను పూర్తిగా కప్పేసినా అంకెలు మారవు. అలాగే పక్కకి జరిగే ఫోటోల వరసలో, తెర బయట ఉన్న ఫోటోల లింకులకూ పెట్టెలొస్తాయి.

కత్తిరింపు కోసం ఓవర్‌ఫ్లో దాచే ప్రతి పూర్వీకుడి పెట్టెతోనూ ఖండన తీసుకోండి, లేదా "ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్" ఇచ్చే ఖండన పెట్టె వాడండి. కప్పడం కోసం ప్రతి వరస పెట్టెలో కనీసం ఐదు బిందువులు (నడుమ, నాలుగు మూలల నుంచి 2 పిక్సెళ్లు లోపలికి) ఎలిమెంట్‌ఫ్రమ్‌పాయింట్‌తో పరీక్షించండి. జవాబుగా వచ్చినది లింక్ గానీ, దాని లోపలిది గానీ అయితే సరే. ఈ పద్ధతి వ్యూపోర్ట్ లోపలి బిందువులకే పనిచేస్తుంది, బయటివాటికి శూన్యం ఇస్తుంది. అందుకే ముందు లింక్‌ను తెర నడుమకు తేవాలి. షాడో డామ్ అయితే బయటి గూడు పేరే చెబుతుంది, ఆ షాడో రూట్‌నే మళ్లీ అడగాలి.

ఎప్పుడు కొలవాలి?

"లోడ్" ఈవెంట్ రాగానే కొలవడం తొందరపాటు. వెబ్ ఫాంట్ వచ్చాక తెలుగు పాఠం వెడల్పు మారి వరసలు వేరేచోట విరుగుతాయి, కాబట్టి "డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ" అయ్యేదాకా ఆగాలి. స్క్రోల్ చేస్తేనే లోడయ్యే బొమ్మలకు వెడల్పు, ఎత్తు రాయకపోతే అవి వచ్చినప్పుడల్లా కిందివి కిందికి దిగుతాయి. పేజీని ఒకసారి అడుగు దాకా తీసుకెళ్లి తిరిగి పైకి తెచ్చి, ఆ తర్వాత కొలవండి. నెమ్మదిగా జారే స్క్రోల్ ఉన్న సైట్లో లింక్‌ను తెరలోకి తెచ్చిన వెంటనే కొలిస్తే దారి మధ్యలోని అంకె వస్తుంది. "బిహేవియర్"కు "ఇన్‌స్టంట్" ఇవ్వండి. చివరగా, వరసగా రెండు యానిమేషన్ ఫ్రేముల్లో పెట్టె ఒకేలా ఉంటేనే నమ్మండి. ప్లేరైట్ కూడా నొక్కేముందు ఇదే చూస్తుంది.

కాలేజీ నోటీసులు, ప్రభుత్వ ప్రకటనలు తిరిగే కదిలే పట్టీలు మన దగ్గర ఎక్కువ. వాటిలో లింక్ ఎప్పుడూ స్థిరంగా ఉండదు. పాత "మార్కీ" ట్యాగ్ అయితే దానికి "స్టాప్" అనే ఆదేశం ఉంది. సీఎస్‌ఎస్ యానిమేషన్ అయితే "గెట్‌యానిమేషన్స్"తో అన్నింటినీ పట్టుకుని ఆపండి. ప్లేరైట్ స్క్రీన్‌షాట్‌లో యానిమేషన్లు ఆపమని చెబితే అది అంతులేని యానిమేషన్లను మొదటి స్థితికి తీసుకెళ్లి ఫోటో తీస్తుంది, తర్వాత మళ్లీ నడిపిస్తుంది. ముందు కొలిచిన పెట్టెలు ఆ ఫోటోకు సరిపడవు. మీరే ఆపి, కొలిచి, ఫోటో తీయడం క్షేమం.

బొమ్మ మ్యాపులో నొక్కే ప్రాంతాల హద్దులు ఎలా?

పాత జిల్లా పటాల్లో అనకాపల్లి, భీమునిపట్నం, పాడేరు మీద నొక్కితే ఆయా పేజీలు తెరుచుకునే తీరు ఇదే. "ఏరియా" ట్యాగ్ పెట్టెను నమ్మకుండా దాని "కోఆర్డ్స్" చదవండి. దీర్ఘచతురస్రానికి నాలుగు అంకెలు, వృత్తానికి కేంద్రం, వ్యాసార్ధం కలిపి మూడు, బహుభుజికి జంటలు జంటలుగా ఎన్నైనా. వాటిని బొమ్మ ఎడమ పై మూలకు కలపాలి, బొమ్మకు అంచుగానీ ప్యాడింగ్‌గానీ ఉంటే అదీ చేర్చాలి. ఈ అంకెలు బొమ్మతో పాటు కుదించుకుపోవు. 800 వెడల్పు పటాన్ని ఫోన్‌లో 360కి కుదిస్తే అనకాపల్లి మీద నొక్కినప్పుడు ఇంకో ఊరు తెరుచుకోవచ్చు. అది కొలతలో తప్పు కాదు, సైట్‌లోనే తప్పు, అలాగే నివేదించండి. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి విశాఖ జిల్లా మూడు జిల్లాలైంది కాబట్టి, పాత పటం ఇంకా వాడుతుంటే లింకులు వెళ్లే చోట్లు కూడా చూసుకోండి.

తిప్పిన లేదా వాలుగా పెట్టిన లింక్?

వచ్చే పెట్టె తిప్పాక ఏర్పడిన ఆకారం చుట్టూ నిటారుగా గీసినది, మూలలు ఖాళీగా ఉంటాయి. నాలుగు మూలల అసలు బిందువులు కావాలంటే క్రోమ్ డెవ్‌టూల్స్ ప్రోటోకాల్‌లో "గెట్‌కంటెంట్‌క్వాడ్స్" అడగండి.

వేలికి సరిపడే పరిమాణం ఎంత?

2023 అక్టోబరు 5న వెలువడిన డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన మార్గదర్శకాలు) 2.2లో ఏఏ స్థాయికి 24×24 సీఎస్‌ఎస్ పిక్సెళ్లు, ఏఏఏ స్థాయికి 44×44. వాక్యం మధ్యలో ఉన్న లింకులకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది.

ఏఏ స్థాయిలో చిన్నవాటికి ఎడం మినహాయింపు కూడా ఉంది. ప్రతి చిన్న లింక్ పెట్టె నడుమ 24 పిక్సెళ్ల వ్యాసంతో వృత్తం గీయండి. అది పక్క లింక్‌నుగానీ, పక్కనున్న చిన్న లింక్ వృత్తాన్నిగానీ కోయకూడదు. పేజీ అడుగున 16×16 గుర్తులు 4 పిక్సెళ్ల ఎడంతో ఉంటే కేంద్రాల మధ్య 20, వృత్తాలు కోసుకుంటాయి, విఫలం. ఎడం 8 చేస్తే 24, సరిపోతుంది. ఈ పరీక్షలో సిరాను కాదు, పనిచేసే చోటును కొలవాలి. ప్యాడింగ్ పెట్టెలో కలుస్తుంది, మార్జిన్ కలవదు. ఇంకో మాట, ఇన్‌లైన్ లింక్‌కు పైనా కిందా ప్యాడింగ్ పెంచితే పెట్టె పెరుగుతుంది కానీ వరసల ఎడం పెరగదు. పై వరస లింక్, కింది వరస లింక్ ఒకదాని మీద ఒకటి పడతాయి. చేతులు వణికే పెద్దవాళ్లు దర్శన వేళలు చూడబోయి పక్క లింక్‌లోకి వెళ్లిపోయేది ఇలాంటి పేజీల్లోనే. అంకె సరిపోయిందని వదిలేయకండి, వల వేసి చూడండి.

వందల లింకులు కొలిస్తే పేజీ బరువెక్కుతోంది.

ఒక లింక్ కొలిచి, దాని చుట్టూ గీత గీసి, తర్వాతి లింక్ కొలుస్తున్నారు. ప్రతి గీతకూ అమరిక పాతబడుతుంది, ప్రతి కొలతకూ బ్రౌజర్ మళ్లీ అమరుస్తుంది. ముందు అన్నీ కొలిచేయండి, తర్వాత అన్నీ గీయండి.

ఆండ్రాయిడ్ యాప్‌లోని వెబ్‌వ్యూలో (యాప్ లోపలే తెరుచుకునే పేజీలో)?

ఆండ్రాయిడ్ టెస్టింగ్ పనిముట్టు యూఐ ఆటోమేటర్ తెరను రాసి ఇచ్చే డంప్‌లో ప్రతి లింక్‌కూ "బౌండ్స్" వస్తాయి. అవి తెర మొత్తం మీద, పరికరం పిక్సెళ్లలో ఉంటాయి. మళ్లీ గుణించకండి. రెండు వరసల లింక్‌కూ ఒకే పెట్టె ఇస్తుంది కాబట్టి పైన చెప్పిన నడిమి బిందువు చిక్కు ఇక్కడా ఉంటుంది.

పేజీని పీడీఎఫ్ చేశాక?

తెర మీది పెట్టెలను గుణించి అక్కడికి తేలేరు, అచ్చుకు అమరికే వేరు. పీడీఎఫ్‌లోని లింక్ యానొటేషన్లను నేరుగా చదవండి. అక్కడ కొలత అంగుళానికి 72 పాయింట్లు, మొదలు కింది ఎడమ మూల. ఏ4 కాగితం ఎత్తు సుమారు 842 కాబట్టి పై నుంచి దూరం కావాలంటే 842 లోంచి తీసేయాలి.

ప్రతి పెట్టెతో పాటు ఏమేం భద్రపరచాలి?

లింక్ చిరునామా, పాఠం, ముక్క నంబరు, నాలుగు అంచులు దశాంశాలతో సహా. పేజీకి ఒకసారి: వ్యూపోర్ట్ వెడల్పు, ఎత్తు, పిక్సెల్ నిష్పత్తి, స్క్రోల్ స్థానం, బ్రౌజర్ వెర్షన్, వేసుకున్న తెలుగు ఫాంట్ పేరు, కొలిచిన సమయం. ఆ పెట్టె మూడు హద్దుల్లో ఏదన్నది ఒక గడిలో తప్పకుండా రాయండి. తర్వాత పది పేజీలు ఏరి, ఫోటోల మీద పెట్టెలు గీసి, వందకు వంద శాతం జూమ్‌లో కళ్లతో చూడండి. రెండు వరసల లింక్, బొమ్మ లింక్, కార్డు లింక్, పైపట్టీ కింద దాగినది, ఐఫ్రేమ్‌లోది, ఈ ఐదూ ఆ పదిలో ఉండేలా చూసుకోండి.